బయాప్సీలో ‘డిస్‌ప్లేసియా’ అని వస్తే అది క్యాన్సరా, కాదా?

మీరు అడిగింది క్లుప్తంగా: శ్రీకాకుళం జిల్లాలో ఉండే మీ అత్తగారికి అరవై దాటాయి. పెళ్లైన కొత్తలో మొదలైన అడ్డపొగ (చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగడం) ఇప్పటికీ మానలేదు. అంగిట్లో తెల్లమచ్చ, దాని పక్కనే చిన్న ఎర్రటి చోటు కనిపిస్తే ముక్క తీసి పరీక్షకు పంపారు. ‘మోడరేట్ ఎపిథీలియల్ డిస్‌ప్లేసియా, నో ఎవిడెన్స్ ఆఫ్ ఇన్వేజన్’ అని రిపోర్టు వచ్చింది, అంటే పైపొర కణాల క్రమం ఒక మోస్తరుగా చెడింది, అవి లోపలికి చొరబడిన ఆనవాళ్లు లేవు అని. డాక్టరు గారేమో “క్యాన్సర్ కాదు, కానీ అవ్వొచ్చు” అన్నారు. ‘ఉంటే ఉందనాలి, లేకపోతే లేదనాలి గానీ ఈ మధ్యరకం ఏంటండీ? అసలు క్యాన్సర్ ఎలా మొదలవుతుంది?’ అని మీ ప్రశ్న.

నేను పాథాలజిస్టుని. రోగులు నా దగ్గరికి రారు, వాళ్ల ముక్కలే వస్తాయి. ఉత్తరాంధ్రలో పనిచేయడం వల్ల అడ్డపొగ తాగేవాళ్ల అంగిటి ముక్కలు చాలానే చూశాను, అందుకని కాస్త వివరంగానే రాస్తాను.

ముందు సూటిగా జవాబు. ఆ ముక్కలో ఇవాళ్టికి క్యాన్సర్ లేదు. నోటి డిస్‌ప్లేసియాలన్నీ కలిపి చూస్తే, కొన్నేళ్లలో క్యాన్సర్‌గా మారేవి సుమారు పదింట ఒకటి. ఎక్కువ శాతం మారవు. అయితే మీ అత్తగారి విషయంలో ముప్పు పెంచేవి మూడున్నాయి: చుట్ట ఇంకా మానలేదు, మచ్చలో ఎరుపు ఉంది, గ్రేడు మోడరేట్. కాబట్టి కంగారు పడక్కర్లేదు గానీ, సంక్రాంతి అయ్యాక చూద్దాంలే అనుకునే విషయం మాత్రం కాదు. ఈ నెలలోనే చుట్ట ఆపించండి, ఆ మచ్చ సంగతి తేల్చండి.

ఇక మధ్యరకం ఎందుకుంది అనే దానికి వస్తాను. క్యాన్సర్ ఒకరోజు ఊడిపడే జబ్బు కాదు. ఒక కణం, దాని సంతానం, ఆ సంతానపు సంతానం ఏళ్ల తరబడి ఒక్కో అదుపూ కోల్పోతూ వెళ్లే ప్రక్రియ అది. ఆ దారిలో ఎక్కడ ఆపి చూసినా ఏదో ఒక దశ కనిపిస్తుంది. మీ రిపోర్టు చెబుతున్నది అలాంటి ఒక దశ గురించి.

స్లైడ్ మీద ఏం కనిపిస్తుందో చెబితే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ముక్క మా దగ్గరికి అది చెడకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవం పోసిన సీసాలో వస్తుంది, సాధారణంగా కందిగింజంతో, శనగగింజంతో ఉంటుంది. దాన్ని మైనంలో దిమ్మకట్టి, మిల్లీమీటరులో 250వ వంతు మందాన పొరలు కోసి, గాజుపలక మీద పరిచి రంగులు వేస్తాం. కణాల మధ్యలో ఉండే కేంద్రకం ఊదారంగులోకి వస్తుంది, చుట్టూ ఉన్న భాగం గులాబీ రంగులో ఉంటుంది.

మామూలు అంగిటి పొరలో ఒక క్రమశిక్షణ ఉంటుంది. అడుగు వరసలో కణాలు చిన్నగా, ముదురుగా, ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా నిలబడి ఉంటాయి. విభజన జరిగేది ఆ అడుగునే. పుట్టిన కణాలు పైకి జరుగుతూ, చదునవుతూ, రెండు మూడు వారాల్లో పైపొరకు చేరి రాలిపోతాయి. వేడి కాఫీకి నోరు కాలినా నాలుగు రోజుల్లో మానిపోయేది ఇందుకే.

డిస్‌ప్లేసియాలో ఆ క్రమం చెడుతుంది. కేంద్రకాలు పెద్దవై, ముదురుగా, ఒక్కోటి ఒక్కో సైజులో ఉంటాయి. అడుగునే జరగాల్సిన విభజన మధ్య వరసల్లో కనిపిస్తుంది. పైకి వెళ్లేకొద్దీ పరిపక్వం కావాల్సిన కణాలు ఇంకా పసివాటిలాగే ఉంటాయి. ఈ గందరగోళం అడుగు మూడోవంతులోనే ఉంటే మైల్డ్ అంటాం, మధ్య మూడోవంతు దాకా వస్తే మోడరేట్, అదీ దాటితే సివియర్. కొలత కేవలం ఎత్తు ఒక్కటే కాదు, కణాలు ఎంత వికారంగా ఉన్నాయో కూడా చూస్తాం. అందుకే ఒకే స్లైడు చూసి ఒక పాథాలజిస్టు మైల్డ్ అని, ఇంకొకరు మోడరేట్ అని రాయడం జరుగుతుంది. ఇది మా వృత్తిలో అందరికీ తెలిసిన సంగతే.

కానీ ఒక విషయంలో మాత్రం మేం చాలా పట్టుదలగా ఉంటాం. ఈ పొర కింద బేస్‌మెంట్ మెంబ్రేన్ అని ఒక పల్చటి హద్దు ఉంటుంది. చేనుకు గట్టు ఉన్నట్టు అనుకోండి. పైన ఎంత గందరగోళం ఉన్నా కణాలు గట్టు లోపలే ఉన్నంతవరకు అది క్యాన్సర్ కాదు. గట్టు తెగి ఒక చిన్న కణాల గుంపు కిందికి దిగినా దాని పేరు మారిపోతుంది, స్క్వామస్ సెల్ కార్సినోమా, అంటే పైపొర కణాల క్యాన్సర్ అవుతుంది. ఎందుకంటే రక్తనాళాలు, లింఫు నాళాలు ఉండేది గట్టుకు అవతలే. ఒంట్లో వేరేచోటికి వెళ్లే దారి అక్కడే మొదలవుతుంది. మీ రిపోర్టులో ‘నో ఎవిడెన్స్ ఆఫ్ ఇన్వేజన్’ అన్న మాటకు అర్థం ఇదే. నా దృష్టిలో ఆ రిపోర్టులో అన్నిటికన్నా విలువైన మాట అది.

అసలు ఆ కణం ఎందుకు చెడింది?

అడ్డపొగ గురించి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగడం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరప్రాంతాల్లో ముఖ్యంగా ఆడవాళ్లలో ఉన్న అలవాటు. గాలికి ఆరిపోదు, నుసి పడదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి అని చెబుతారు. 1971లో వెలువడిన ఒక అధ్యయనంలో ఈ ప్రాంతపు గ్రామాల్లో పది వేల మందికి పైగా జనం నోళ్లు పరీక్షించి, అంగిట్లో వచ్చే మార్పులను వరసగా నమోదు చేశారు. మిగతా దేశంలో పొగాకు నమిలేవాళ్లకు క్యాన్సర్ ఎక్కువగా బుగ్గలోనో నాలుక పక్కనో వస్తుంది. గట్టి అంగిట్లో రావడం అరుదు. మన దగ్గర అక్కడ వస్తోందంటే కారణం నిప్పు ఎదురుగా ఉన్న చోటు అదే కావడం.

ఆ నిప్పు రెండు పనులు చేస్తుంది. మొదటిది వేడి. పొర పదేపదే కాలుతుంది, పదేపదే మానాలి. మానడమంటే కణాలు విభజన చెందడమే. రెండోది పొగ. అందులో ఉండే బెంజోపైరీన్ లాంటి రసాయనాలను మన ఒంట్లోని ఎంజైములే, విరగ్గొట్టి బయటికి పంపే ప్రయత్నంలో, ఇంకా చురుకైన పదార్థాలుగా మారుస్తాయి. అవి వెళ్లి డీఎన్‌ఏకి అతుక్కుంటాయి. డీఎన్‌ఏ అంటే దాదాపు 300 కోట్ల అక్షరాల రాత, ప్రతి కణంలోనూ రెండేసి ప్రతులు. విభజనకు ముందు అదంతా నకలు కావాలి. అతుక్కున్నచోట నకలు తప్పుతుంది, ఒక అక్షరం బదులు ఇంకొకటి పడుతుంది. ఒకవైపు తప్పులు పడే అవకాశం పెంచి, ఇంకోవైపు నకళ్ల సంఖ్య పెంచితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

తప్పులు పడటం వింతేమీ కాదు. ఏ అలవాటూ లేని మనిషి కణాల్లో కూడా రోజూ వేల సంఖ్యలో డీఎన్‌ఏ దెబ్బలు పడుతుంటాయి, వాటిలో దాదాపు అన్నిటినీ కణం తనే బాగు చేసుకుంటుంది. బాగు కాకుండా మిగిలినవి కూడా ఎక్కువగా ఏ హానీ చేయని చోట్ల పడతాయి. ప్రమాదమల్లా కొన్ని ప్రత్యేకమైన జన్యువుల మీద పడినప్పుడే. అవి స్థూలంగా మూడు రకాలు.

పెరగమని ఆజ్ఞ ఇచ్చేవి కొన్ని. వీటిలో తప్పు పడితే ఎవరూ అడగకపోయినా ఆజ్ఞ వెళుతూనే ఉంటుంది. ఇలాంటి జన్యువులు బయటినుంచి వచ్చినవి కావు, మన మామూలు కణాల్లో ఉన్నవేనని బిషప్, వార్మస్ అనే శాస్త్రవేత్తలు 1976లో చూపించారు, 1989లో వాళ్లకు నోబెల్ వచ్చింది. రెండో రకం ఆగమని చెప్పేవి. వీటికి రెండు ప్రతులుంటాయి కాబట్టి సాధారణంగా రెండూ పోతేనే అదుపు తప్పుతుంది. పిల్లల కంట్లో వచ్చే రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సర్ లెక్కలు చూసి నడ్సన్ అనే శాస్త్రవేత్త 1971లో ఈ సంగతి ఊహించారు, తర్వాత అది నిజమని తేలింది. మూడోరకం డీఎన్‌ఏ రిపేరు చూసుకునేవి. ఇవి చెడితే మిగతా తప్పులన్నీ పేరుకుపోయే వేగం పెరుగుతుంది.

రెండో రకంలో పీ53 అనేదాన్ని ప్రత్యేకంగా చెప్పాలి. డీఎన్‌ఏ దెబ్బతిన్నదని తెలిస్తే అది విభజనను ఆపిస్తుంది. దెబ్బ మరీ పెద్దదైతే కణం తనంతట తానే చచ్చిపోయేలా చేస్తుంది. మనుషుల క్యాన్సర్లలో దాదాపు సగానికి ఈ జన్యువు చెడిపోయి ఉంటుంది. పొగాకు వల్ల వచ్చే తల, మెడ క్యాన్సర్లలో ఇంకా ఎక్కువ.

ఇప్పుడు మీ అత్తగారి అంగిట్లో ఏం జరిగి ఉంటుందో ఊహించండి. ఏ పదిహేనేళ్ల కిందో అడుగు వరసలో ఒక కణానికి ఒక తప్పు పడింది. పక్కవాటికన్నా అది కాస్త తేలిగ్గా విభజన చెందుతుంది, కాస్త ఆలస్యంగా చస్తుంది. ఆ చిన్న లాభంతో దాని సంతానం చుట్టూ ఉన్న చోటు ఆక్రమించింది. ఆ లక్షల కణాల్లో ఒకదానికి రెండో తప్పు పడింది, దాని సంతానం మిగతావాటిని నెట్టుకుంటూ పెరిగింది. ఇలా వరసగా ఎంపిక జరుగుతూ కణితి ఎదుగుతుందని శాస్త్రవేత్త పీటర్ నోవెల్ 1976లోనే రాశారు. క్యాన్సర్‌కు ఎవరి పథకమూ అక్కర్లేదు. ఎక్కువగా పెరిగేదే మిగులుతుంది, అంతే. పెద్దవయసులో క్యాన్సర్లు ఎక్కువ రావడానికి ముఖ్య కారణం కూడా ఇదే. అన్ని తప్పులు ఒకే వంశంలో పోగుపడటానికి టైం పడుతుంది.

ఈ లెక్కలో ఇంకో సంగతి ఉంది. ఒక సెంటీమీటరు గడ్డలో ఇంచుమించు 100 కోట్ల కణాలుంటాయి. ఒక్క కణం నుంచి అక్కడికి రావాలంటే 30 సార్లు రెట్టింపు కావాలి. చచ్చిపోయేవి కూడా ఉంటాయి కాబట్టి నిజంగా ఇంకా ఎక్కువ విభజనలే. మధ్యలో ఒకటి రెండు మిల్లీమీటర్ల దగ్గర ఇంకో అడ్డు ఉంది: లోపలి కణాలకు ఆక్సిజన్ అందదు. అక్కణ్నుంచి పెరగాలంటే కొత్త రక్తనాళాలను తనవైపు రప్పించుకోవాలి. ఫోక్‌మన్ అనే సర్జన్ 1971లో ఇది చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదు. ఇప్పుడు ఆ నాళాలను అడ్డుకునే మందులే ఉన్నాయి.

కణితి అంటే క్యాన్సర్ కాదు. దీని మీద జనంలో విపరీతమైన టెన్షన్ ఉంటుంది, అందుకే విడిగా రాస్తున్నా. చేతి మీదో వీపు మీదో వచ్చే మెత్తటి కొవ్వుగడ్డలు, గర్భాశయంలో ఫైబ్రాయిడ్లు, వయసులో ఉన్న ఆడపిల్లల రొమ్ములో జారిపోయే గడ్డలుగా తగిలే ఫైబ్రోఎడినోమాలు, ఇవన్నీ కణితులే. ఎంత పెద్దవైనా ఉన్నచోటే పెరుగుతాయి, పక్క కణజాలంలోకి చొరబడవు, వేరే అవయవాలకు పాకవు. కొబ్బరికాయంత ఫైబ్రాయిడు నా టేబుల్ మీదికి వస్తే నాకు భయం వేయదు. మిల్లీమీటరు మచ్చలో గట్టు తెగితే వేస్తుంది. రెండోవైపు నుంచి చూస్తే, గడ్డ అనేదే లేని క్యాన్సర్లూ ఉన్నాయి. రక్తక్యాన్సర్ అలాంటిదే.

రక్తక్యాన్సర్ అన్నాను కాబట్టి ఒక మాట చెప్పకుండా ఉండలేను. కణం విభజనకు ముందు డీఎన్‌ఏ నకలు తీయాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. ఆ దారిని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో లెడర్లీ అనే మందుల సంస్థలో తయారు చేసింది. సిడ్నీ ఫార్బర్ అనే అమెరికా డాక్టరు దాన్ని రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి, జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గిందని 1948లో ప్రచురించారు. సుబ్బారావు గారు చనిపోయింది కూడా ఆ ఏడాదే. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ను ముదిరిన నోటి క్యాన్సర్లకు ఇవాళ్టికీ మన దేశంలో మాత్రలుగా ఇస్తున్నారు.

గట్టు తెగాక ఏమవుతుంది? క్యాన్సర్ కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండే బంధాలు వదులుకుంటాయి, చుట్టూ ఉన్న కణజాలాన్ని కరిగించే ఎంజైములు వదులుతాయి. అంగిట్లో అయితే కింద ఎముక చాలా దగ్గర. దాన్ని తినేస్తే ముక్కులోకి, పక్క సైనసులోకి దారి పడుతుంది. తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తున్నాయని వచ్చిన ఒక మత్స్యకార మహిళ ముక్క చూశాను. చాలా ఏళ్ల ముందు ఆమెకు మైల్డ్ డిస్‌ప్లేసియా అనే రిపోర్టు ఉంది. నొప్పి లేదు కదా అని చుట్ట మానలేదు, మళ్లీ చూపించుకోలేదు. నొప్పి ముందుగా రాదండీ, ఈ జబ్బుతో వచ్చిన చిక్కే అది. లింఫు నాళాల్లో పడ్డ కణాలు సాధారణంగా మొదట మెడలో గడ్డలుగా తేలతాయి.

దీనికి విరుద్ధంగా, చుట్ట పూర్తిగా మానేసిన ఇంకొకరి అంగిట్లో తెల్లదనం కొన్ని నెలల్లో పల్చబడింది. తర్వాత అదేచోటు నుంచి తీసిన ముక్కలో కణాల వరస దాదాపు మామూలుగా ఉంది. అందరికీ ఇలా అవుతుందని చెప్పను. డీఎన్‌ఏలో స్థిరపడిన తప్పు చుట్ట మానినంత మాత్రాన చెరిగిపోదు. కానీ కొత్త తప్పులు చేరే వేగం తగ్గుతుంది, రోజూ కాలడం ఆగుతుంది. పొగాకు మానిపించే ప్రయత్నం మీద శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36 వేల మందితో చేసిన అధ్యయనం 1986లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. అంటే ఈ అలవాటున్న ఊళ్లలో కూడా మాన్పించడం కుదిరే పనే. “ఈ వయసులో మానితే ఏం లాభం” అని మీ అత్తగారు అంటారు, అందరూ అంటారు. అద్దం, టార్చిలైటు పెట్టి ఆ మచ్చను ఆమెకే చూపించండి. నేను చెప్పే జీవశాస్త్రం కన్నా అది బాగా పనిచేస్తుంది.

మీరు అడక్కపోయినా తర్వాత అడగబోయేవి కొన్ని:

పిల్లలకు వస్తుందా? ఈ తప్పులు ఆమె అంగిటి కణాల్లో పడినవి, అండంలో పడినవి కావు. కాబట్టి మీ ఆయనకు గానీ పిల్లలకు గానీ వారసత్వంగా రావు. కొన్ని రొమ్ము, అండాశయ, పెద్దపేగు క్యాన్సర్లలో చెడిన జన్యువు పుట్టుకతోనే వస్తుంది, వాటి సంగతి వేరు. అంటుకుంటుందా? లేదు. ఒకే గ్లాసులో తాగొచ్చు. ముక్క తీస్తే పాకుతుందా? నోట్లో మచ్చ విషయంలో ఈ భయం పెట్టుకోకండి. ముక్క తీయకపోవడం వల్ల ఆలస్యమైన కేసులే నేను చూశాను.

రిపోర్టు మీద ఉన్న పరిమితి. నేను చూసేది ముక్కనే, అంగిలి మొత్తాన్ని కాదు. ఏళ్ల తరబడి పొగ తగిలింది అంగిలి అంతటికీ. ఒకచోట మోడరేట్ ఉంటే ఇంకోచోట అంతకన్నా ముదిరి ఉండొచ్చు. తెల్లమచ్చకన్నా ఎర్రచోటు ఎప్పుడూ ఎక్కువ అనుమానించదగ్గది. ఒకసారి తెల్లభాగం నుంచి మాత్రమే ముక్క పంపారు, మైల్డ్ అని వచ్చింది. మచ్చ తీరు నచ్చక సర్జన్ ఎర్రభాగం నుంచి మళ్లీ పంపితే అందులో గట్టు తెగి ఉంది. కాబట్టి మీ డాక్టరు గారిని మొదట అడగాల్సింది ఇది: ముక్క తెల్లమచ్చ నుంచి తీశారా, ఎర్రచోటు నుంచి తీశారా? ఎర్రచోటు నుంచి తీయకపోతే ఇంకో ముక్క తీయమనండి. మొహమాటపడకండి.

రెండోది, మచ్చను పూర్తిగా తీసేయడం కుదురుతుందా అని అడగండి. మోడరేట్ గ్రేడుకు, అందులోనూ ఎరుపు ఉన్నప్పుడు, చాలామంది సర్జన్లు కత్తితోనో లేజర్‌తోనో తీసేయడానికే మొగ్గు చూపుతారు. కత్తితో తీస్తే మొత్తం ముక్క మాకు వస్తుంది, అంచులు శుభ్రంగా ఉన్నాయో లేదో చెప్పగలం. లేజర్‌తో కాల్చేస్తే పరీక్షించడానికి ఏమీ మిగలదు. నా వృత్తి పక్షపాతం అనుకోండి, నేనైతే మొదటిదే కోరుకుంటాను. తీసేసినా మళ్లీ రావొచ్చు, పక్కన కొత్తది రావొచ్చు. మొదట్లో రెండు మూడు నెలలకోసారి, తర్వాత డాక్టరు చెప్పినంత ఎడంతో చూపించుకుంటూనే ఉండాలి. ఈ మధ్యలో మానని పుండు, గట్టిపడిన అంచు, రక్తం కారడం, కదిలే పన్ను, మెడలో గడ్డ వీటిలో ఏది కనిపించినా తేదీ కోసం ఆగకుండా వెళ్లండి. చూపించాల్సింది ఓరల్ సర్జన్‌కో, తల, మెడ క్యాన్సర్ సర్జన్‌కో.

రెండో అభిప్రాయం కావాలంటే కొత్తగా ముక్క తీయించక్కర్లేదు. ల్యాబులో మైనం దిమ్మ, స్లైడు భద్రంగా ఉంటాయి. రిపోర్టు మీద ఉన్న బయాప్సీ నంబరు చెప్పి అడిగితే ఇస్తారు. పెద్ద ఆసుపత్రికి వెళ్లేటప్పుడు కాగితం ఒక్కటే కాకుండా ఆ దిమ్మను కూడా పట్టుకెళ్లండి.